తువ్వాలు తీసి చూపించిన బేరం

మే 18, ఆదివారం

ఇది రాయడం దండగ అనే అనుకున్నాను. ఎరువుల అంగడివాడు ఏటా ఇచ్చే డైరీ. జనవరిలో కొన్నాళ్ళు బీపీ ఎంతుందో రాసి వదిలేశాను. చెప్పాల్సినవన్నీ ఇప్పుడు ఫోనులో చెబుతున్నాను, ఇక్కడ రాస్తే మెచ్చుకునేదెవరు? కానీ నిన్నటి సంగతిలో ఫోనులోని నా పేజీలో పెట్టకూడని ముక్క ఒకటుంది. దాన్ని ఎక్కడో ఒకచోట దించకపోతే నా నోరు ఊరుకోదు. కాబట్టి ఇక్కడ.

పేజీ పెట్టిచ్చింది మా కోడలు శృతి. 'రాబర్ట్‌సన్‌పేట ముచ్చట్లు' అని పేరు నేనే పెట్టాను. తెరవగానే అది 'మీ మనసులో ఏముంది?' అని అడుగుతుంది. విశాలమ్మ నన్ను చేసుకున్న నాటి నుంచి ఒక్కసారీ అడగని ప్రశ్న. అంత మర్యాదగా అడిగితే చెప్పకుండా ఉండటం ఎట్లా? బంగారు గనుల సైరను కూస్తే ఊరంతా అన్నానికి లేచే కాలం గురించి ఒకసారి రాశాను. దుబాయిలో ఉన్న ఒకాయన ఏడుపొచ్చిందని రాశాడు. ఇంకొకాయన సైరను వేళ తప్పు రాశావని గొడవ పెట్టుకున్నాడు. మూడో ఆయన రోజా పువ్వుల బొమ్మతో 'శుభోదయం' అన్నాడు. ముగ్గురూ చదివినట్టే లెక్క వేసుకున్నాను.

నిన్న ఆవులప్పతో శ్రీనివాసపురం వెళ్ళాను. మా ధాన్యం అంగడికి రాగులు వేయడానికి వచ్చి నాకు స్నేహితుడైన మనిషి. అంగట్లో కూర్చుంటే నా సోది కదలకుండా వింటాడు, అంతకన్నా ఏం కావాలి? వాళ్ళ ఊళ్ళో మామిడికి మందు ఎప్పుడు కొట్టాలో, పిందె ఎప్పుడు నిలుస్తుందో అందరూ ఆవులప్పనే అడుగుతారు. అడగనివాళ్ళకు కూడా చెబుతాడు, ఆ గుణం మా ఇద్దరికీ ఉంది. నిన్న అతని బాదామి మామిడి బేరం. మార్కెట్టు బయట నందీశ్ అని ఒక కొనుగోలుదారు మండీ పెట్టాడు. అక్కడ ఇప్పటికీ తువ్వాలు కింద చేతులు పెట్టి వేళ్ళు నొక్కి రేటు చెప్పుకుంటారు. నోటితో ఒక్క మాట అనరు. చుట్టూ పదిమంది రైతులు నిలబడి ఉన్నా ఎవరికెంత పలికిందో వాళ్ళకీ, ఆ తువ్వాలుకీ తప్ప తెలియదు.

మా కోమటి అంగళ్ళలో రేటు పలక మీద సుద్దతో రాసి వాకిట్లో వేలాడదీస్తాం. మా నాయన ఆ పలక మీద కందిపప్పు అని రాసిన అందానికే జనం వచ్చేవారని అమ్మ చెప్పేది. రేటులో దాచుకునేది ఏముంటుందో నాకెన్నడూ బోధపడలేదు. తువ్వాలు బేరం మాత్రం ఎంత ముద్దుగా ఉందంటే, అయిపోయాక ఆవులప్పను బతిమాలాను. తువ్వాలు లేకుండా నా చేతిలో ఒకసారి చేసి చూపించమన్నాను. ఎడమ చేతిలో ఫోను పట్టుకుని కుడి చెయ్యి ఇచ్చాను.

"బొమ్మ తీస్తా ఉండావా?" అన్నాడు.

"తీస్తే ఏమప్పా?"

"తీసుకో. నీ ఫోన్లో ఉంటే నా ఇంట్లో ఉన్నట్లే కదా."

చక్కగా చూపించాడు. వేలు మొదలు పట్టుకుంటే ఒకటి, గుప్పిట పడితే ఒకటి. లెక్క నాకు అంతుపట్టలేదు గానీ చక్కిలిగిలి మాత్రం తెలిసింది. సాయంత్రం ఇంటికి రాగానే ఆవులప్ప పేరూ ఊరూ రాసి వీడియో పేజీలో పెట్టాను.

ఇప్పుడు పెట్టకూడని ముక్క. తిరుగు బస్సులో చెప్పాడు. మందు కొట్టే వారంలో వాళ్ళావిడ అక్కయమ్మకు కోలారులో కంటి ఆపరేషన్. ఆసుపత్రిలోనే ఉండిపోయాడు. తరువాత వాన. తోటలో బాదామి చెట్ల వైపు కాయంతా నల్లమచ్చ తగిలింది. అందుకే ఊరివాళ్ళను పిలవకుండా బయటి కూలీలతో దించి, గడ్డి కప్పి మండీకి తెచ్చాడు. పలికింది తక్కువే.

"నీకు తప్ప ఎవురికీ చెప్పలేదన్నా. ఊరంతటికీ మందు చెప్పేవాడి తోటలో మచ్చ అంటే ఏముండాది మర్యాద. తోతాపురి చెట్ల మీదనే ఉండాది, అది శుద్ధంగా ఉండాది. దాంతో తేరుకుంటాను."

ఇది ఎక్కడా పెట్టను. గుట్టు దాచడం నాకు తెలుసు.

మే 19, సోమవారం

నా పేజీలో ఇంతమంది ఏనాడూ చూడలేదు. విశాలమ్మకు చెబితే, "పాపం, వాళ్ళకెవురికీ పని లేదా," అన్నది.

మే 21, బుధవారం

ఆవులప్ప ఊరి నుంచే కదిరప్ప అనే రైతు వీడియో కింద రాశాడు. ఒకే మాట. 'ఓహో.' ఆవులప్ప పక్క తోట అతనిది. ఊళ్ళోవాళ్ళు కూడా చూస్తున్నారన్నమాట. నేను దానికి ఎర్ర హృదయం పెట్టాను.

మే 24, శనివారం

శృతి అంగట్లోకి ఫోను పట్టుకుని వచ్చింది.

"మామా, ఇది మీదే కదా?"

నాదే. కానీ నాది కాదు. ఎవడో నా వీడియో కోసి, నా ముఖం తీసేసి, చేతులు మాత్రం ఉంచాడు. నెమ్మదిగా నడిపించి ప్రతి వేలికీ ఎర్ర బాణం గుర్తు వేశాడు. వెనక డప్పుల పాట. చివర్లో పెద్ద అక్షరాలతో ఊరి పేరు, ఈ ఏడాది బాదామి రేటు ఇంత అని అంకె.

"ఇది తప్పు రేటమ్మా. అతను సుమ్నే, ఊరికే చూపించినాడు, నా కోసరం," అన్నాను.

"సుమ్నే చూపించినా అంకె నిజమే అంటా ఉండారు మామా, కింద చూడండి. మండీ వాళ్ళే రాసినారు."

చూశాను. అంకె ఇక్కడ రాయను.

శృతి ఫోను వెనక్కి తీసుకుంది. "తీసేయండి మామా," అన్నది. తీసేస్తే నేనేదో తప్పు చేసినట్టు అవుతుంది. పైగా వాడు కోసింది నేను తీస్తే పోతుందా? ఆలోచిద్దాం అన్నాను.

మే 25, ఆదివారం

ఆవులప్ప ఫోను చేశాడు. నేనే చేద్దామనుకుంటూ ఉన్నాను.

"శెట్టన్నా, ఆ బొమ్మ ఊర్లో అందరి ఫోన్లలో ఉండాది."

"నేను పేజీలో మాత్రమే పెట్టినానప్పా."

"పేజీ అంటే ఏందన్నా?"

అరుగు లాంటిది అన్నాను. ఎవరు కూర్చునే అరుగు అన్నాడు. అందరూ అన్నాను.

"నువ్వు ఏదో ఒక లెక్క చూపించి ఉంటే సరిపోయేది కదా," అన్నాను. ఇది అనకుండా ఉండవలసింది.

"వేళ్ళకి అబద్ధం చెప్పేది తెలీదన్నా. అప్పుడే నందీశ్ చేతిలోంచి తీసిన చెయ్యి. ఏది పట్టి వచ్చిందో అదే పట్టింది. నాకే తెలీలేదు."

ఊళ్ళో కొనుగోలుదారులు ఎవరి తోటకు వెళ్ళినా ఆ అంకే చెబుతున్నారట. మచ్చ లేని కాయకు కూడా. ఏటా మే నెలాఖరుకు బాదామి రేటు ఎట్లాగూ పడుతుంది. నా వీడియోకూ దీనికీ అంతగా సంబంధం ఉండదు.

మే 26, సోమవారం

సంబంధం ఉండదు.

మే 28, బుధవారం

తీసేశాను. 'ఖచ్చితంగా తీసేయాలా?' అని ఫోను అడిగింది. పెట్టేటప్పుడు అడగలేదు.

బాణాల వీడియో అట్లాగే ఉంది. దాన్ని తీయమని ఆ పెట్టినవాడికి మర్యాదగా రాశాను. నవ్వే ముఖం ఒకటి పంపాడు. ఎవరో, ఎక్కడుంటాడో తెలియదు. బొమ్మలో సముద్రం ముందు నిలబడి ఉన్నాడు. మనకు సముద్రం లేదు కాబట్టి దూరం వాడే.

జూన్ 1, ఆదివారం

ఆవులప్ప ఊరికి వెళ్ళాను. బస్సు దిగగానే టీ అంగడి ముందు బల్ల మీద కదిరప్ప కూర్చున్నాడు. నన్ను చూసి రెండు చేతులూ పైకెత్తి వేళ్ళు విప్పాడు.

"రాప్పా శెట్టీ. ఫోను తెచ్చినావా? ఇదో, చేతులు రెండూ ఉండాయి. ఏది తీసుకుంటావో తీసుకో."

బల్ల మీదున్నవాళ్ళు నవ్వారు. నేను కూడా నవ్వాను. అట్లాంటప్పుడు నవ్వకపోతే ఇంకా చెడ్డగా ఉంటుంది.

"కూచో, టీ తాగు. నీ మింద కోపం లేదులే," అన్నాడు కదిరప్ప. "నువ్వు పప్పులమ్మేవాడివి, నీకేం తెలుసు. మా కాయ చూడు పోయి. మచ్చ లేదు, మరక లేదు. కొనేవాడు వస్తాడు, కాయ చూడడు, ఫోన్ తీసి నీ బొమ్మ చూపిస్తాడు. ఊరి పెద్ద ఆవులప్పే ఈ రేటుకిచ్చినాడు, నీ కాయేమన్నా గనిలో తవ్వినావా అంటాడు. ఏం చెప్పేది?"

"అతని కష్టం ఏముందో."

"ఏం కష్టమో చెప్పమను. చెప్తే విడిచిపెడతాం. కూలీలను బయటినించి తెచ్చె, పొద్దు పుట్టకముందే లోడెత్తించె. అడిగితే నోరు తెరవడే. నందీశ్‌తో ఏదో లోపల మాట ఉండాది అంటా ఉండారు. లేకుంటే అంత తగ్గుతాడా?"

ఆ ఊళ్ళో కోతకు ఒకరి తోటకు ఒకరు వెళతారు. ఈ రోజు నీ చెట్లు, రేపు నా చెట్లు. ఆవులప్ప తోతాపురికి ఈసారి ఎవరూ రామన్నారట. బయటి కూలీలను మళ్ళీ తెస్తే లారీ తోటలోకి రావడానికి కదిరప్ప పొలం గట్టు మీద దారి ఇవ్వడు. కాయ పక్వానికి వచ్చేసింది. ఇంకో వాన పడితే రాలిపోతుంది.

మచ్చ సంగతి నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగాను. దారి పొడవునా నన్ను నేను మెచ్చుకుంటూ ఆవులప్ప ఇంటికి నడిచాను.

అక్కయమ్మ కంటికి నల్లద్దాలు పెట్టుకుని రాగి అంబలి ఇచ్చింది. "బాగుండావా శెట్టన్నా? విశాలక్క బాగుండాదా?" అని ఎప్పటిలాగే అడిగింది. ఆవులప్ప తోటలో ఉన్నాడు. ఒక్కడే నిచ్చెన వేసుకుని దోటీతో కోస్తున్నాడు. కింద గోనెపట్ట మీద ఒక్క గంపెడు కాయ. అన్ని చెట్లు, ఒక మనిషి.

"ఇట్ల కోస్తే దీపావళికి అవుతుంది," అన్నాను తేలికచేద్దామని.

నిచ్చెన దిగలేదు. "పోయి అంబలి తాగు."

"తాగినాను. ఆవులప్పా, నిజం చెప్పెయ్యి వాళ్ళకి. మచ్చ పడింది, రేటు పడింది. దాంట్లో ఏముండాది? ఆయమ్మకి కన్ను బాగలేక కదా."

అప్పుడు దిగాడు.

"ఆసుపత్రిలో పండుకొని ఉండింది అది. నీ కన్ను వల్ల తోట పోయింది అని దానికే చెప్పలేదు నేను, తోటకి మందు టైముకే కొట్టినానని చెప్పినాను. ఊరికి చెప్తానా? నువ్వేమీ చెయ్యొద్దు శెట్టన్నా. నీకు దండం. ఊరికే ఉండు."

సరే అన్నాను.

జూన్ 3, మంగళవారం

ఊరికే ఉన్నాను.

జూన్ 4, బుధవారం

ఊరికే ఉండటం పాపం కాదా? మనిషి నిచ్చెన మీద ఒక్కడే ఉన్నాడు. మబ్బు పడుతోంది. ఊరికి ఒక్క నిజం తెలిస్తే రేపే అందరూ తోటలో ఉంటారు. ఆ నిజం నా దగ్గరుంది. చెడగొట్టిన చోటే బాగుచేయాలి కదా, వీడియో చూసినవాళ్ళంతా ఇది కూడా చూడాలి.

విశాలమ్మతో అన్నాను. పప్పు చెరుగుతోంది.

"ఆయప్ప వద్దన్నాడంటిరి కదా."

"వద్దనేది మర్యాదకే. లోపల కావాలనే ఉంటుంది."

"మీకు లోపలిదంతా కనిపిస్తాది," అని చేట తట్టింది. "సరే, రాయండి. రాయొద్దంటే మానేదుందా?"

రాయమనే కదా అర్థం.

జూన్ 5, గురువారం

పెట్టాను. బాగా వచ్చింది. ఆవులప్ప అంటే ఎటువంటి మనిషో, భార్య కంటి కోసం తోటను వదులుకుని ఆసుపత్రి మంచం పక్కన ఎట్లా కూర్చున్నాడో, మచ్చపడ్డ కాయకు పలికిన రేటును మంచి కాయకు అంటగట్టడం ఎంత అన్యాయమో. ఏడో తరగతితో ఆపి పొట్లాల కాగితాలు చదివి నేర్చుకున్న తెలుగు నాది, కానీ ఈసారి రాసింది నేనే గట్టిగా చదువుకున్నాను.

జూన్ 6, శుక్రవారం

ఇంత మెప్పు నా జన్మలో చూడలేదు. 'ఇట్లాంటి భర్త కావాలి' అని ఆడపిల్లలు రాశారు. 'మీలాంటి స్నేహితుడు కావాలి' అని కూడా రాశారు, అది రెండుసార్లు చదివాను. కదిరప్ప తన పేజీలో పంచుకున్నాడు. ఏమీ రాయలేదు, చేతులు జోడించిన గుర్తు పెట్టాడు.

ఆవులప్ప ఫోను ఎత్తడం లేదు. తోటలో పని మీద ఉండి ఉంటాడు.

జూన్ 10, మంగళవారం

మధ్యాహ్నం ఆవులప్ప అంగడికి వచ్చాడు. శృతి కుర్చీ వేసింది. కూర్చోలేదు. నీళ్ళిస్తే తాగాడు. తాగి లోటా గల్లాపెట్టె పక్కన మెల్లగా పెట్టాడు.

"తోతాపురి కోత అయిపోయింది," అన్నాడు.

"సంతోషం కదప్పా. అందరూ వచ్చినారా?"

"అందరూ వచ్చినారు. కదిరప్పే పిలిచి తెచ్చినాడు. లారీకి దారి విడిచినాడు. వాళ్ళింటినించే అన్నం వచ్చింది. బాగానే పలికింది."

"నేను చెప్పలా?"

ఆ మాట అన్నది నేనే. రాసి పెట్టుకుంటున్నాను.

ఆవులప్ప నా వైపు తిరిగాడు. అతని మొహంలో కోపం కనిపించలేదు. కోపం ఉంటే సర్దిచెప్పడం నాకు వచ్చు.

"కోతకాడ కదిరప్ప నాకు మందు గురించి చెప్పినాడు శెట్టీ. ఎప్పుడు కొట్టాల, ఎంత కలపాల. చిన్నపిల్లోడికి చెప్పినట్ల నిదానంగా చెప్పినాడు. పాపం, మంచిగానే చెప్పినాడు. అందరూ వింటా ఉండారు. నేను తల ఊపినాను. ఇంట్లో అది ఏడుస్తా ఉండాది, నా కన్నే తోటను తినేసిందని. ఆడోళ్ళు వచ్చి పలకరిస్తా ఉండారు దాన్ని."

"నీ మంచికే కదా ఆవులప్పా."

"అవును. మంచే అయింది. కాదనలేదు." తలకు చుట్టిన తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. "మొదట రేటు చూపిస్తివి. తరువాత మచ్చ చూపిస్తివి. ఇంగ చూపించేదానికి నాకాడ ఏమీ లేదు. అది చెప్పి పోదామని వచ్చినాను."

శృతి లోపలికి వెళ్ళిపోయింది. నేను కూర్చో అన్నాను, టీ తెప్పిస్తాను అన్నాను. బస్సుకు వేళైందన్నాడు. ఆ వేళకు బస్సు లేదు, నాకు తెలుసు.

నన్ను శెట్టీ అన్నాడు. అన్నా అనలేదు.

జూన్ 11, బుధవారం

వాన.

జూన్ 15, ఆదివారం

పోస్టు తీసేద్దామా అని శృతిని అడిగాను.

"ఇప్పుడు తీస్తే ఏమొస్తాది మామా? చదివినోళ్ళ తలలోంచి తీస్తారా?"

అయినా తీశాను. తీసే ముందు కింద రాసినవన్నీ మరొకసారి చదివాను. ఇక్కడ అబద్ధం రాసుకుని ఎవరికి చెప్పాలి?

జూన్ 20, శుక్రవారం

పొద్దున ఆలోచిస్తూ కూర్చున్నాను. ఆ పోస్టు పెట్టేముందు అక్షరదోషాలు చూసుకున్నాను. ఏ ఫోటో పెడితే బాగుంటుందో వెతికాను. ఆవులప్ప కుర్రతనంలో రాగుల మూట మోస్తున్నది దొరికింది, పెట్టాను. ఇంత చేసినవాణ్ణి, ఒకసారి అతనికి ఫోను చేసి పెట్టనా అని అడగాలని తోచలేదు.

తోచలేదని రాశాను. తోచింది. అడిగితే వద్దంటాడని అడగలేదు.

అంగట్లో పదిమందిలో ఏ మాటైనా అంటే, అన్నంతసేపూ విన్నవాడి మొహం ఎదురుగా ఉంటుంది. ముడుచుకుంటే ఆపేస్తాం. ఆవులప్ప నిచ్చెన దిగి 'నీకు దండం' అన్నప్పుడు మొహం కనిపించింది, ఆపేశాను. నాలుగు రోజులకు ఫోను ముందు కూర్చుంటే ఆ మొహం లేదు. నాకు కనిపించింది ఇంకెవరో. నన్ను మెచ్చుకోబోయే మొహాలు, పేరు తెలియనివి. వాళ్ళకు చెప్పాను. కోత అయింది, లారీ వెళ్ళింది, కాయ రాలలేదు, అవి నిజమే. వాటి కోసమే రాశానని ఎవరైనా అంటే అవునంటాను. విశాలమ్మ అనదు.

ఈ రోజు పేజీ తెరవలేదు. ఒకసారి తెరిచాను.

జూన్ 23, సోమవారం

ఆవులప్ప రాగులు ఈసారి వేరే అంగట్లో వేశాడని విన్నాను. దూరం తక్కువ అని అయి ఉండవచ్చు.

జూన్ 25, బుధవారం

దూరం తక్కువేమీ కాదు.

జూన్ 29, ఆదివారం

ఇన్నేళ్ళుగా ఈ రోజుల్లో ఆవులప్ప మామిడి గంప వచ్చేది. ఎవరో ఒకరు బస్సులో తెచ్చి అంగడి ముందు దించిపోయేవారు, గడ్డిలో పండబెట్టిన పళ్ళు. పండ్లు బయట కొనడం మా ఇంట్లో లేదు.

ఈ రోజు విశాలమ్మ బజారుకు వెళ్ళి రెండు కిలోల మామిడిపండ్లు కొనుక్కొచ్చింది. అన్నం తిన్నాక ఒకటి కోసి పెట్టింది. తిన్నాను. తియ్యగానే ఉంది.